నాటు సరుకు, సీమ గిరాకి

ఒక తెలుగు చిత్రము విడుదలయిన మరునాడు, కథ యెట్లున్నది, పాటలు బాగున్నవా యని అడుగుట పూర్వపు ఆచారము. ఇప్పుడు అమెరికాలో మొదటి రాత్రి యెన్ని డాలర్లు వచ్చినవని అడుగుచున్నారు. అడుగువారు పెట్టుబడి పెట్టినవారు కారు, పంపిణీదారులును కారు. రాబర్ట్‌సన్‌పేట బజారులో కూరగాయల సంచి చేతబట్టుకొని నిలిచిన మనవంటి గృహస్థులే. మన చిత్రములు విదేశ విజయమునకై యింతగా తహతహపడుట యెందులకు? ఆ విజయము వలన మనకు, అనగా తెలుగుదేశము వెలుపల తరతరములుగా కాపురముండి తెలుగును ఇంటిలోను పెండ్లిపందిళ్ళలోను మాత్రమే మాటలాడుకొను కుటుంబములకు, కలుగుచున్న లాభనష్టము లెట్టివి? ఈ విషయమై మాకు తోచిన మాటలు కొన్ని వ్రాయుచున్నాము.

మొదట ఒక అపోహ తొలగవలెను. తెలుగు చిత్రము నిన్నమొన్ననే గడప దాటి వెలుపలికి పోయినదనియు, పూర్వము అది ఇల్లు కదలని పతివ్రతయనియు కొందరు పెద్దలు వాపోవుచుందురు. నిజమునకు అది పుట్టినదే పరాయి చోట. 1932 ఫిబ్రవరిలో విడుదలయిన తొలి టాకీ 'భక్తప్రహ్లాద' తయారైనది బొంబాయిలో. 1934 నాటి 'లవకుశ' తయారైనది కలకత్తాలో. ఆ తరువాత దశాబ్దముల తరబడి మద్రాసే దానికి కాపురము. హైదరాబాదులో స్థిరపడుట చాల తరువాతి మాట. వెలుపల నుండి తెలుగునాటికి వచ్చిన కళ మరల వెలుపలికి పోవుటలో ఆశ్చర్యపడవలసినది లేదు. ఏ పనిమీద పోవుచున్నదన్నదే విచారింపదగినది.

పూర్వము గౌరవమునకై పోయెను. 1952లో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో 'పాతాళభైరవి' ప్రదర్శింపబడెను. బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' 1953లో చైనాభాషలో వ్రాసిన ఉపశీర్షికలతో పెకింగు పట్టణమున విడుదలయ్యెను. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున 'నర్తనశాల'లోని కీచక పాత్రకు గాను ఎస్.వి. రంగారావుగారికి ఉత్తమ నటుడను బహుమానము దొరికెను. ఈ మూడు చిత్రములను గూర్చి గమనింపదగిన విశేషమొకటి కలదు. వీనిలో నేదియు చైనావారి కొరకుగాని ఇండొనీసియావారి కొరకుగాని తీయబడలేదు. తీసినది మన కొరకు. మనము చూచి, చప్పట్లు కొట్టి, పద్యములు కంఠస్థము చేసిన పిమ్మట అవి ఊరు చూడబోయినవి. పింగళి నాగేంద్రరావుగారు మాటలు వ్రాయునపుడు ఈ మాటను పెకింగువారికి ఎట్లు అనువదింతురోయని బెంగపడి యుండరు. బెంగపడినచో 'మాయాబజారు'లోని అసమదీయులును తసమదీయులును పుట్టి యుండెడివారు కారు.

ఇప్పటి ప్రయాణమునకు మొదటి కారణము ధనము. దీనిని చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు. సినిమా వ్యాపారులు తెలుగుదేశమును నైజాము, సీడెడ్, ఆంధ్ర అని మూడు పాళ్ళుచేసి అమ్ముకొందురు. సీడెడ్ అనగా 1800లో నైజాము నవాబు కుంఫిణీవారికి దత్తము చేసిన జిల్లాలు. కుంఫిణీ పోయినది, నవాబు పోయినాడు, ఆ జిల్లాలకు రాయలసీమయను అందమైన పేరును వచ్చినది; సినిమా పద్దులలో మాత్రము దత్తమన్న మాట నేటికిని మాసిపోలేదు. మన కోలారు మైసూరు సంస్థానములో నుండెను గావున ఆ పద్దులో చేరదు. సరిహద్దు కావలనున్న చిత్తూరు సీడెడ్ లెక్క, ఇటునున్న మనము కర్ణాటక లెక్క. అన్నదమ్ములు చెరియొక ప్రక్క నుండి ఒకే చిత్రము చూచినను వారి రూపాయలు వేర్వేరు సంచులలో పడును. ఈ పద్దులన్నిటికిని చివర 'ఓవర్సీస్' అను పద్దు ఒకటి చేరినది. మొదట అది గోరంత, ఇప్పుడు కొండంత.

ఎందుకనగా, ఇంటి పద్దులకు ఒక హద్దు కలదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము టికెట్టు ధరలను నిర్ణయించినపుడు, గ్రామపంచాయతీలలో చల్లగాలి యంత్రములు లేని హాళ్ళయందు అడుగుతరగతి టికెట్టు 5 రూపాయలుగా నుండెను. 2022 మార్చిలో ఆ ధరలను సవరించిరి. ప్రభుత్వము చేసినది తప్పా ఒప్పా యన్నది వేరు మాట. పేదవాడు చూచు వినోదము పేదవాని ధరలో నుండవలెనన్న వాదమునకు బలము లేకపోలేదు. అయితే లెక్కలపుస్తకము ముందు కూర్చున్న నిర్మాతకు అమెరికాలో మొదటిరోజు ఆట టికెట్టు ఒక్కటి 20 డాలర్లు పలుకుచుండగా చూపు ఎటు పోవును? 'బాహుబలి' రెండవ భాగము 2017లో ఉత్తర అమెరికాలో రెండు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసినది. అట్టి లెక్కను ఒకసారి చూచినవాడు మరల చిన్న చిత్రము తీయుటకు మనసొగ్గడు. పెద్ద చిత్రము తీసినపుడు ఆ ఖర్చును ఇంటి టికెట్లు పూడ్చలేవు. కావున వెలుపలికి పోవలెను. పోవుటకు ఇంకను పెద్దది తీయవలెను. ఇది గానుగెద్దు నడక.

ఇచట ఒక మాట విడమరచి చెప్పక తప్పదు. విదేశ విజయమని మనము పొంగిపోవుచున్న దానిలో చాలకాలము వరకును పెద్దపాలు మన బిడ్డలు కొన్న టికెట్లే. ఉత్తర అమెరికా తెలుగు సంఘము 1977 నుండి మహాసభలు జరుపుచున్నది. కంప్యూటరు ఉద్యోగముల కాలము వచ్చిన పిమ్మట అక్కడి తెలుగువారి సంఖ్య మిక్కిలి పెరిగినది. డాలసులోను న్యూజెర్సీలోను అర్ధరాత్రి ఆటకు బారులు తీరినవారు గుంటూరు, కరీంనగరు, తిరుపతి పిల్లలు. అది విదేశమున విజయము, విదేశీయుల యందు విజయము కాదు. ఈ భేదమును పత్రికలవారు పాటింపరు.

విదేశీయులు నిజముగా మన చిత్రమును చూచుట జపానులో స్పష్టముగా కనబడినది. అచట రజనీకాంతుగారి తమిళచిత్రము 'ముత్తు' 1998లో గొప్పగా ఆడి, భారతీయ చిత్రములలో పెట్టిన వసూలు రికార్డు ఇరువదియేండ్లకు పైగా చెక్కుచెదరలేదు. 'బాహుబలి' అక్కడ కేకలువేయు ప్రేక్షకులను సంపాదించినది. ప్రేక్షకులు అరచుటకును గంటలు వాయించుటకును అనుమతించు ప్రత్యేక ప్రదర్శనలను ఏర్పాటు చేయగా 2018లో రాజమౌళిగారు టోక్యో వెళ్ళి అట్టి ఆటను కన్నులార చూచిరి. పిమ్మట 2022 అక్టోబరు 21న జపానులో విడుదలయిన 'ఆర్ ఆర్ ఆర్' ఆ 'ముత్తు' రికార్డును దాటినది. 2024 జనవరిలో తకరజుకా అను ప్రసిద్ధ నాటక సంస్థ ఈ కథను రంగస్థలముపై ఆడినది. ఆ సంస్థలో నటించువారందరును స్త్రీలే. భీముడును స్త్రీయే, రాముడును స్త్రీయే. వేదాంతం సత్యనారాయణశర్మగారు పురుషుడై యుండి సత్యభామగా జడ విసరినపుడు కరతాళధ్వనులు చేసిన జాతివారము మనము. జపాను స్త్రీ మీసము దిద్దుకొని కొమురం భీముడైనదని విని నవ్వవలసిన పనిలేదు.

జపానీయులు మన చిత్రమున నేమి చూచిరి? మాటలు వారికి తెలియవు. వారికందినది స్నేహము, ప్రతిజ్ఞ, నిప్పు, నీరు, పరుగు, నృత్యము. మన పాత చిత్రములలో వాచికము రాజు, తక్కినవి పరివారము. ఇప్పటి ఎగుమతి చిత్రములో వాచికము పల్లకీ మోయుచున్నది. ఇది రాజమౌళిగారి లోపమని మేము చెప్పము. ఆంగికమును అంత బలముగా, అంత స్పష్టముగా చూపగల దర్శకుడు మనలో నుండుట భాగ్యమే. కాని సరుకు సముద్రము దాటునపుడు ఏది దాటును, ఏది రేవులో నిలిచిపోవును అన్న సంగతిని విమర్శకుడు గుర్తింపవలెను.

ఇంటిలో దొరకని మన్నన వెలుపల దొరకునన్న ఆశ రెండవ కారణము. దీనికి జపానుదేశమే సాక్ష్యము చెప్పును. 1950లో కురొసావా తీసిన 'రషోమన్' మీద దానిని తయారుచేసిన సంస్థకే పెద్ద ఆశ లేకుండెను. ఒక ఇటాలియను మహిళ పట్టుబట్టి సిఫారసు చేయగా అది వెనిసుకు పోయి 1951లో ప్రథమ బహుమానము గైకొన్నది. అటుపిమ్మట అదే సంస్థ విదేశముల వారికి నచ్చు రంగురంగుల పూర్వకాలపు కథలను బుద్ధిపూర్వకముగా తీయనారంభించినది. వారి కార్ల విద్యయు ఇట్టిదే. కొండదారుల మలుపులలో కుర్రవారు రాత్రివేళ కారును అడ్డముగా జారించి నడుపు 'డ్రిఫ్టింగ్' అను ఆటను ఇంటివద్ద పోలీసులు తరుముచుండిరి, పెద్దలు ఛీకొట్టుచుండిరి. 2000 ప్రాంతమున దానికి సక్రమమైన పోటీ యేర్పడినది. 2003లోనే ఆ పోటీని కాలిఫోర్నియాకు గొనిపోయి ఆడి చూపిరి. మరుసటి యేటికే అమెరికనులు స్వంత పోటీ పెట్టుకొనిరి. 2006లో హాలీవుడ్డువారు ఆ ఆటపై సినిమాయే తీసిరి. ఇంట అల్లరి యనిపించుకొన్నది బయట విద్య యనిపించుకొనినచో, ఆ విద్య నేర్చినవాడు బయటకే చూచును. దీనిలో అత్యాశకన్న అలకపాలు ఎక్కువ.

మన చిత్రమునకును అట్లే జరిగినది. 2022లో ఆస్కారు బహుమానమునకు భారతదేశము పక్షమున అధికారికముగా పంపబడినది గుజరాతీ చిత్రము 'ఛెల్లో షో'. 'ఆర్ ఆర్ ఆర్' కాదు. మనవారు తమ దారిని తాము తక్కిన విభాగములలో పోటీకి నిలిచిరి. 2023 జనవరిలో 'నాటు నాటు' పాటకు గోల్డెన్ గ్లోబు, మార్చిలో ఆస్కారు లభించినవి. ఆ యేటి ఆగస్టులో ప్రకటింపబడిన జాతీయ బహుమానములలో ఈ చిత్రమునకు ఆరు దక్కినవి. ఏది ముందు, ఏది వెనుక యన్నది పాఠకులే చూచుకొందురు గాక.

ఆ పాటను గూర్చి కొంత నిదానముగా చెప్పవలెను, ఏలయనగా ఈ వ్యవహారమంతయు ఆ ఒక్క మాటలో నిమిడియున్నది. చంద్రబోసుగారు వ్రాసి కీరవాణిగారు స్వరపరచిన పాట అది. కథలో తెల్లదొర మన యువకులను వెక్కిరించి, తమ సీమ నాట్యముల పేర్లు చెప్పి, నీకేమి తెలియునని అడుగును. దానికి జవాబుగా వచ్చినది 'నాటు'. ఈ మాటకు ఇంగ్లీషులో సరియైన మాట దొరకదు. మోటు అన్నచో చాలదు, పల్లెటూరిది అన్నచో చాలదు. నాటు అనగా సీమ కానిది. సీమచింత, సీమవంకాయ, సీమమందు, సీమదొర ఒక వరుస. నాటుకోడి, నాటువైద్యము, నాటుబండి ఒక వరుస. రాబర్ట్‌సన్‌పేటలో దీనిని ఎవరికిని బోధింపనక్కరలేదు. తమిళుడు నాట్టుక్కోళి యనును, కన్నడిగుడు నాటికోళి యనును. కిరసనాయిలును కన్నడములో సీమెఎణ్ణె యందురు. మూడు భాషలవారు ఒకే అంగడిలో కోడిని బేరమాడు మన యూరివానికి ఆ మాట చెవినబడగానే దానిలోని పౌరుషము బోధపడును. దొర సీమను చూపగా మనవాడు నాటును చూపెను. ఆ దృశ్యమును 2021లో చిత్రీకరించినది యుక్రేను రాజధానిలో, ఆ దేశాధ్యక్షుని భవనము ముందర. దానికి కిరీటము పెట్టినది లాస్ ఏంజెలిసు. నాటు సరుకునకు సీమ గిరాకి యనగా నిదియే. పల్లె జాతరలను, పొలము దుమ్మును, తెలంగాణపు తిండిని ఏకరువు పెట్టిన ఆ పాటను వెలుపలివాని కొరకై నీళ్ళు కలిపి పలుచన చేయలేదు. అందువలననే అది దాటినదని మా అభిప్రాయము. అయితే దాటినది అడుగుల వేగము, డోలు దెబ్బ. మాట దాటలేదు. జనులు అర్థము తెలియకయే ఆ రెండక్షరములను పలికి ఎగిరిరి.

సుద్దాల అశోక్‌తేజగారు వ్రాసిన కొమురం భీముని పాట గతి ఇంకను జాలిగొలుపును. కొరడా దెబ్బలు తినుచు మోకరిల్లనని పాడు ఆ పాటలో తెలంగాణపు పలుకుబడి యంతయు నెత్తురువలె ప్రవహించుచున్నది. అమెరికాలో నెట్‌ఫ్లిక్సు ద్వారా ఈ చిత్రమును చూచిన లక్షలాది జనులకు దొరికినది హిందీ గొంతుక. తెలుగు ప్రతి హక్కులు వేరొక సంస్థయొద్ద నుండుట దీనికి కారణము. కావున చాలమంది దీనిని హిందీ చిత్రమనుకొనిరి. 2023 జనవరిలో రాజమౌళిగారు అమెరికను దర్శకుల సభలో ఇది బొంబాయి చిత్రము కాదు, దక్షిణ భారతమునందలి తెలుగు చిత్రమని విప్పి చెప్పవలసి వచ్చినది. చెప్పినందులకు మెచ్చుకొందము. చెప్పవలసి వచ్చుట మాత్రము నష్టము ఖాతాలోనిదే.

చరిత్రకును ఇట్టి నష్టము కలదు. అల్లూరి సీతారామరాజు మన్యపు పోరు 1922 నుండి 1924 వరకు బ్రిటిషువారిపై జరిగినది. కొమురం భీముడు నైజాము ప్రభుత్వముపై పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద మరణించెను. ఇరువురును కలిసికొన్నట్లు చరిత్ర చెప్పదు. చిత్రకర్తలు కల్పనయని ముందే చెప్పిరి, కల్పించుట కవికి హక్కు. మనకు తెలిసినవారిని గూర్చి కల్పించినపుడు కల్పన కల్పనగానే మనకు తోచును. తెలియనివానికి అదే చరిత్ర. నైజాముపై అడవిబిడ్డల భూమి కొరకై సాగిన పోరు తెల్లదొరపై పోరుగా మారినట్లు ఒసాకాలోని ప్రేక్షకునికి ఎవరు చెప్పుదురు?

ఈ బాధ మనకు స్వానుభవము. ప్రశాంత్ నీల్‌గారి కన్నడ చిత్రము 'కె.జి.ఎఫ్' 2018 డిసెంబరులోను, దాని రెండవ భాగము 2022 ఏప్రిలులోను విడుదలయి, తెలుగుతో సహా పలు భాషలలో దేశమంతటను, దేశము వెలుపలను ఆడినది. కొంతభాగమును మన సైనైడు దిబ్బలపైననే తీసిరి. చిత్రముగా అది సామాన్యమైనది కాదు. ఛాయాగ్రహణము, కూర్పు, ఊపు మెచ్చదగినవి. కాని దానిలో మన యూరి పేరు కలదు, మన యూరు లేదు. కథలో 1951లో రహస్యముగా కనుగొన్న గని, లోకమునకు తెలియక బానిసలుగా మగ్గు జనము. వాస్తవమునకు జాన్ టేలరు కంపెనీవారు 1880 దశకము నుండియే ఇచట గనులు నడిపిరి. 1902లోనే శివనసముద్రము నుండి ఇచటికి విద్యుచ్ఛక్తి వచ్చినది. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొన్నది. 2001 ఫిబ్రవరి 28న అవి మూతబడినవి. కూలీలు కష్టపడలేదని కాదు. బండ పగిలి చచ్చినవారును, రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి క్షీణించినవారును లేని వీధి యిచట లేదు. కాని వారు నోరులేని బానిసలు కారు. 1930లో వేలిముద్రలు వేయవలెనన్న నిబంధనను ఎదిరించి సమ్మెకట్టిన కూలీలు వారు. వారిని విడిపించుటకు వెలుపలి నుండి వీరుడు రానక్కరలేకపోయినది. నేడు మన పిల్లలు బెంగుళూరులో తమ ఊరిపేరు చెప్పినచో, అచట నిజముగా అట్లే జరిగెడిదా యని అడుగుచున్నారట. బంగారము ఉన్నన్నాళ్ళు దాని ధర లండనులో నిర్ణయమాయెను. బంగారము పోయిన పిమ్మట ఊరి కథ సినిమావారి చేతికి పోయినది.

ఇక మనకు నిజముగా నొప్పి కలిగించు విషయమునకు వచ్చుచున్నాము. 2011 జనాభా లెక్కల ప్రకారము కర్ణాటకములో తెలుగు మాతృభాషగా గలవారు 35 లక్షలకు పైబడి యున్నారు. వీరిలో తెలుగు లిపి చదువగలవారెందరో లెక్క యెవరును తీయలేదు. మన యిండ్లలో తాతకు పెద్దబాలశిక్ష వచ్చును, తండ్రికి అక్షరములు కూడబలుకుకొనుట వచ్చును, మనుమనికి కన్నడమును ఇంగ్లీషును వచ్చును. ఆ మనుమనికి నాలుగు మంచి తెలుగుమాటలు దొరకిన బడి సినిమాహాలు. ఘంటసాలగారి పద్యము, రేలంగిగారి వెటకారము, రంగారావుగారి గర్జన, ఇవి లేకున్న మన పిల్లల తెలుగు ఉప్పు పప్పు అడుగుటకు మించి యుండెడిది కాదు. దీనికి చిత్రమైన ఒక సహాయకారణము కూడ నుండెను. కన్నడ చిత్రరంగమువారు ఇతర భాషా చిత్రములను కన్నడములోనికి డబ్బింగు చేయుటను దశాబ్దముల పాటు అడ్డుకొనిరి. వారు దానిని తమ భాషారక్షణకై చేసిరి. కాని అందువలన తెలుగు చిత్రము ఇచట తెలుగులోనే ఆడినది. వారి కట్టడి మన బడికి కంచెయైనది. 2015లో పోటీ వ్యవహారముల కమిషను ఆ కట్టడి చెల్లదని తీర్పు చెప్పిన పిమ్మట కాలక్రమమున ద్వారములు తెరచుకొన్నవి. 2019లో 'సైరా నరసింహారెడ్డి' కన్నడములోను వచ్చినది. 'ఆర్ ఆర్ ఆర్' కన్నడములోను వచ్చినది. కన్నడ ప్రేక్షకుడు తన భాషలో చూచుట న్యాయము, దానిని ఆక్షేపించుటకు మనకు నోరు లేదు. అయినను తెలుగు పిల్లవాడు స్నేహితులతో పోయి రేనాటి వీరుని మాటలను కన్నడములో విని వచ్చుచున్నాడు.

ఇంతకన్న లోతైన మార్పు వ్రాతలోనే జరుగుచున్నది. అయిదు భాషలలో ఒకేసారి విడుదల కావలసిన చిత్రమునకు మాటలు వ్రాయువాడు, ఏ భాషలోనికైనను ఇట్టే ఒదుగు పొట్టిమాటలనే యేరుకొనును. సామెత వ్రాయడు, శ్లేష వ్రాయడు, పద్యము సరేసరి. పెదవులు కదలుటకు తగినంత మాట చాలును. అమెరికాలోని తెలుగువానికి దీనివలన వచ్చిన నష్టము మనకు వచ్చినంత కాదు. వారికి వారాంతపు తెలుగు బడులున్నవి, మహాసభలున్నవి, ధనమున్నది. నిర్మాత వారి మాట వినును. మనము ఓవర్సీసు పద్దులో లేము, సీడెడు పద్దులోను లేము. సముద్రము దాటనివారము, సరిహద్దు మాత్రము దాటినవారము.

నిర్మాతలను విదేశములకు పోవలదని మనము చెప్పినచో వినువారు లేరు. చెప్పుటయు న్యాయము కాదు. 'నాటు' అన్నమాటను లోకమంతయు ఉచ్చరించిన నాడు సంతోషింపని తెలుగువాడు లేడు, మేమును సంతోషించినవారిలోనే యున్నాము. మన చేతిలోనున్న పని చిన్నది. పెద్ద తెలుగు చిత్రము వచ్చినపుడు ఇచటి హాళ్ళలో కన్నడ ప్రతితోపాటు తెలుగు ప్రతిని కూడ ఆదివారము ఒక ఆటకైనను వేయుడని మన సంఘము పక్షమున యజమానులను అడుగవచ్చును. చరవాణిలో చూచువారు భాషను ఎన్నుకొనుచోట తెలుగును ఎన్నుకొనవచ్చును, పిల్లల ప్రక్కన కూర్చుండి తెలియని మాటకు అర్థము చెప్పవచ్చును. హాలు యజమాని మొదట అడుగబోవునది మీవారెందరు వత్తురని. ముప్పది కుటుంబములైనను వచ్చునని పేర్లతో సహా చెప్పగలిగినచో మాట నిలుచును. రానున్న సర్వసభ్య సమావేశములో ఆ పట్టిక వ్రాయుట మొదలుపెట్టవలెనని మా మనవి.